అలవాట్లేమీ లేవు

"కోస్తే కోస్తాను. నేను చేసిన బీరువా, నేనే కోస్తాను. మధ్యలో మీకేంటి నొప్పి?"

బావగారు మెట్ల మలుపులో రంపం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయనకూ గోడకూ మధ్య ఆ చెక్క బీరువా ఒక పక్కకి ఒరిగి ఇరుక్కుపోయి ఉంది. ఆయన కొడుకు పండు పోయిన రోజు నుంచీ అది అక్కడే ఉంది. ఇంటిల్లిపాదీ దాని పక్కనుంచి ఒళ్లు కుదించుకుని, ఊపిరి బిగబట్టి పైకెక్కుతున్నారు.

"నొప్పి ఉండదట్రా? మీ నాన్న ఏరి ఏరి దాచిన చెక్క," అత్తగారు కింద మెట్టు మీద కూర్చుని అంది. "కోసి ఎవరికి పంచుతావు? తలా ఒక ముక్కా?"

"తాడు కట్టి దించేద్దాం అన్నయ్యా. మా డిపోలో కుర్రాళ్లున్నారు. టీ ఇప్పిస్తే చాలు, పువ్వులా దించుతారు," అన్నాడు తమ్ముడు.

"దించి ఎక్కడ పెడతావు? హాల్లోనా? రోజూ దాని మొహం చూస్తూ కూర్చోమంటావా?"

"ఇప్పుడు మాత్రం చూడ్డం లేదా?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని తమ్ముడికి అన్నాక తెలిసింది.

వంటింట్లోంచి పెద్దకోడలి గొంతు వినిపించింది. "చిట్టీ, మీ పెదనాన్నకి టీ చల్లారిపోతోందని చెప్పు."

చిట్టి పుస్తకంలోంచి తలెత్తకుండానే అరిచింది. "పెదనాన్నా, టీ చల్లారిపోతోందంట."

"తర్వాత తాగుతానని చెప్పమ్మా."

"పెద్దమ్మా, తర్వాత..."

"వినపడింది."

"ఈ ఇంట్లో నాకు జీతం ఇవ్వాలి," అంది చిట్టి. ఇంకో రోజైతే అత్తగారైనా నవ్వేది. పండు ఉంటే, సగం జీతం తనకివ్వమని పోట్లాడేవాడు.

బావగారికీ పెద్దకోడలికీ, ఆ భార్యాభర్తల మధ్య మాటలు ఆగి నెలలైంది. కొడుకు పోయిన దుఃఖంలో మొగుడి మీద కోపం పెట్టుకుందని అందరూ అనుకున్నారు. ఎవరూ తప్పుపట్టలేదు కూడా. బీరువా ఎత్తించింది ఆయన.

చిన్నకోడలు తడిగుడ్డల బకెట్టుతో మెట్లెక్కుతోంది. బావగారు రంపం వెనక్కి దాచుకుని గోడకి ఆనుకున్నారు. "వెళ్లమ్మా, జాగ్రత్త, మొల తగులుతుంది."

ఆమె పక్కకి తిరిగి దాటుతుంటే ఆయన గొంతు తగ్గించారు.

"వాడు చెప్పాడమ్మా. భుజం లాగుతోంది నాన్నా, రేపెత్తుదాం అన్నాడు. నీ వయసులో భుజమేంట్రా, నేను మోయడం లేదా అన్నాను. ఇక్కడిదాకా తెచ్చి, కాస్త పడుకుని వస్తానని దించేశాడు." ఆయన బీరువా అంచుని బొటనవేలితో రుద్దారు. "వాడేమీ తాగలేదు, తినలేదు, ఒంట్లో ఏమీ లేదని మీ ఆఫీసే తేల్చింది కదా. ఏమీ లేనివాడి గుండె ఊరికే ఆగుతుందా? మోయించేవాడు ఒకడుంటే ఆగుతుంది."

ఈ మాటలు ఆమె చాలాసార్లు విన్నది. విన్న ప్రతిసారీ, మీ తప్పేం లేదు బావగారూ అనేది. ఓదార్పుకి అనే మాట కాబట్టి సులభంగా వచ్చేది. శుక్రవారం నుంచీ అది నిజమని ఆమెకి తెలుసు. ఇప్పుడు నోరు పెగలడం లేదు.

బకెట్టు ఎత్తుకుని పైకి వెళ్లిపోయింది.

*

పోయినవాళ్ల రక్తంలో విషమో మందో ఉందేమో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. పండు రక్తం వాళ్ల ల్యాబుకే వచ్చింది. సొంతవాళ్ల సీసా ముట్టుకోకూడదన్నది అక్కడి నియమం. ఆమె ముట్టుకోలేదు. పక్క టేబుల్ అమ్మాయికి అప్పగించి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది.

చెయ్యి పెట్టలేదు కానీ, నోరు పెట్టింది.

"మేడమ్, ఏమైనా అలవాట్లున్నాయా? మందులేమైనా వాడేవాడా?" అని అడిగింది ఆ అమ్మాయి. అక్కడ ఎవరి సీసా వచ్చినా మొదటి ప్రశ్న అదే. లోకంలో ఉన్న మందులన్నిటికోసం ఒకేసారి వెతకడం కుదరదు. ఇంట్లోవాళ్లు ఎటు చెయ్యి చూపిస్తే అటు వెతుకుతారు.

"అలవాట్లేమీ లేవు. కాఫీ కూడా తాగడు. వాళ్ల తాతగారిది గుండె జబ్బే," అని చెప్పింది. చెప్పి, అడక్కుండానే ఇంకో మాట కలిపింది. "మామూలు పరీక్షలు చాలులే. ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు."

మామూలు పరీక్షల్లో ఏమీ రాలేదు. ఆ మాట ఆమె ఇంటికి శుభవార్తలా మోసుకొచ్చింది. అత్తగారు చేతులు జోడించి, నా మనవడు నిప్పు అంది. పెద్దకోడలు ఆ రోజు గోడవైపు తిరిగి పడుకుని లేవలేదు.

పోయిన వారం ఒక హాస్టల్ పిల్ల సీసా వచ్చింది. పెదాలు నీలంగా, కంటిపాపలు సూదిమొనలంత చిన్నవిగా ఉన్నాయని శవపరీక్ష చేసిన డాక్టరు రాశారు. చూడగానే నల్లమందు జాతి అనిపించే లక్షణాలు. అయినా మామూలు పరీక్షల కిట్టులో ఏమీ రాలేదు. ఆ మధ్యే కొత్త రకం మత్తుమందుల నమూనాలు ల్యాబుకి వచ్చాయి. అవి మొక్కల్లోంచి రావు. ఎక్కడో ఫ్యాక్టరీలో వండి, మామూలు నొప్పి బిళ్ళల్లా అచ్చుపోసి అమ్ముతున్నారు. ఇసుక రేణువంత చాలు, ఊపిరి తీసుకోవడం మర్చిపోతాడు మనిషి. వాటితో పోల్చి చూస్తే పెద్ద మిషను తెరమీద ఒక చిన్న గీత లేచింది. మామూలు రోజుల్లో మసక అనుకుని వదిలేసేంత చిన్నది.

శుక్రవారం సాయంత్రం పక్క టేబుల్ అమ్మాయి వచ్చి కుర్చీ లాగింది. "మేడమ్, మీరు కూర్చోండి."

"ఏమైంది?"

"మిషను చూసిన ప్రతిదాన్నీ దాచుకుంటుంది కదా, పేరు తెలియకపోయినా. కొత్త పేర్లు నేర్పించాక పాతవాటిల్లో కూడా వెతికాను. ఒకటి దొరికింది."

ఎవరిదని ఆమె అడగలేదు. ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లున్నాయి.

"ఆ రోజు నేనింకా వెతికి ఉండాల్సింది మేడమ్. మీరు వద్దన్నారని..."

"నేను వద్దన్నాను. నువ్వు ఏడవకు."

"పాతవాటిల్లో ఏమైనా దొరికిందా అని హెడ్డుగారు సోమవారం అడుగుతారు. ముందు మీకు చెప్పాలనిపించింది."

*

"నువ్వు అన్నయ్యకేం చెప్పకు," అన్నాడు భర్త. డాబా మీద ఆమె దుప్పటి ఒక కొస పట్టుకుంటే, ఆయన రెండో కొస పట్టుకుని పిండుతున్నాడు. "ఆ పిల్లని కూడా ఊరుకోమను. పోయినవాడు పోయాడు. పోయాక వాడి నెత్తిన మత్తుమందు ముద్ర వేస్తావా?"

"వాడు మత్తు కోసం తీసుకున్నాడని ఎవరన్నారు? భుజం నొప్పికి ఎవడో ఇచ్చిన బిళ్ళ వేసుకుని ఉంటాడు."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. వీధికి తెలుసా? వీధి చెవిలో రెండు మాటలే పడతాయి. మీవాడు, మత్తుమందు."

"కింద మీ అన్నయ్యని చూశారా? ఆ బీరువాని చంపడానికి రంపం పట్టుకున్నారు."

"చూశాను. ఇవాళ బీరువా అనుకుంటున్నాడు. రేపు నువ్వు బిళ్ళ అంటావు. కొడుక్కి భుజం నొప్పి అన్నప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదని ఇంకో రంపం పడతాడు. ఏం తేడా?" ఆయన దుప్పటిని గట్టిగా దులిపాడు. "వదిన సంగతి ఆలోచించావా? ఆవిడ బతుకుతున్నదే, నా బిడ్డ మచ్చలేకుండా పోయాడన్న ఒక్క మాట మీద."

ఆమె దుప్పటికి క్లిప్పులు పెట్టింది. ఒకటి విరిగింది.

"హాస్టల్ పిల్ల వాళ్లమ్మ మా ఆఫీసు బెంచీ మీద కూర్చుంది," అంది. "నన్ను చూసి లేచి నిలబడింది. మా అమ్మాయికి ఏ అలవాట్లూ లేవు మేడమ్ అంది. అచ్చం నా మాట. నా గొంతు కూడా అలాగే ఉండి ఉంటుంది ఆ రోజు."

"అయితే?"

"పండు రక్తంలో ఆ రోజే పట్టుకుని ఉంటే, ఫలానా బిళ్ళలు తిరుగుతున్నాయి జాగ్రత్త అని అన్ని ఆసుపత్రులకీ కబురు వెళ్లేది. పేపర్లో పడేది. ఆ పిల్ల చదివేదో లేదో నాకు తెలీదు. చదివే వీలైనా ఉండేది కదండీ."

"నీ పేరు పాడైపోతుంది."

"పోనీ."

"పోనీ అనడం తేలిక..." అని ఆగిపోయాడు. మెట్ల తలుపు దగ్గర పెద్దకోడలు రెండో బకెట్టుతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"నువ్వు కిందకి వెళ్లు బాబూ," అంది మరిదితో. "మీ అమ్మ పిలుస్తోంది."

అత్తగారు పిలవలేదని ముగ్గురికీ తెలుసు. ఆయన వెళ్లాడు.

*

పెద్దకోడలు చొక్కా దులిపి తీగె మీద వేసింది. ఇంకోటి వేసింది. మూడోది వేయబోయి చేతిలోనే ఉంచుకుంది.

"తెల్లగా ఉంటాయా అవి? మధ్యలో గీతతో?"

చిన్నకోడలికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, పక్కనున్న పిట్టగోడ పట్టుకుంది.

"అక్కా, నీకు తెలుసా?"

"బిళ్ళలని తెలుసు. ఇలాంటివని తెలీదు. జిమ్ములో ఎవరో ఇచ్చారన్నాడు. నొప్పికి భలే పనిచేస్తున్నాయమ్మా అన్నాడు. ఆ రోజు వాళ్ల నాన్న మెట్ల దగ్గర కేకలేస్తున్నారు. వీడేమో భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా గొడవెందుకని నేనే అన్నాను, ఒకటి వేసుకుని వెళ్లరా, ఆ పని కాస్తా అయిపోతుంది అని." ఆమె చొక్కా కాలరు సర్దుతోంది. "నీళ్లు నేనే ఇచ్చాను."

చిన్నకోడలు పిట్టగోడ వదల్లేదు.

"తర్వాత పడుకున్నాడు. గురక వినిపించింది. ఎప్పుడూ గురక పెట్టడు కదా, పాపం అలిసిపోయాడనుకున్నాను. ఆయన వచ్చి, లేపు, ఆ మలుపు ఒక్కటీ దాటిస్తే అయిపోతుంది అన్నారు. పడుకోనివ్వండి, మీకు కనికరం లేదా అని నేనే తలుపు దగ్గరికి వేశాను."

ఆ గురక ఏమిటో చిన్నకోడలికి తెలుసు. ఊపిరి మునిగిపోతున్నప్పుడు వచ్చే చప్పుడు. ఆ సమయంలో లేపి, ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే విరుగుడు మందు ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. పెద్దకోడలు ఆమె మొహం చూస్తూనే ఉంది.

"లేపి ఉంటే బతికేవాడు కదూ?"

"చెప్పలేం అక్కా."

"నువ్వు చెప్పలేకపోతే ఇంకెవరు చెప్తారు? సరేలే. నాకు జవాబు వచ్చేసింది."

"మరి ఆ రోజు నాతో అలవాట్లేమీ లేవన్నావేం? కాఫీ కూడా తాగడన్నావు. నీ మాట పట్టుకునే నేను అక్కడ..."

"నా మాట పట్టుకుని నువ్వు మిషను ఆపేస్తావా?" పెద్దకోడలి గొంతు హఠాత్తుగా లేచింది. "అంత చదువు చదివినదానివి. నేను తల్లిని, అబద్ధం చెప్తాను. నువ్వెందుకు నమ్మావు?"

"ఎందుకంటే నాకూ అదే కావాల్సి వచ్చింది!"

కింద అత్తగారు, "ఏంటే ఆ అరుపులు?" అంది. ఇద్దరూ ఒకేసారి, "ఏం లేదత్తయ్యా," అన్నారు.

గాలికి దుప్పటి వచ్చి ఇద్దరి మధ్యా అడ్డంపడింది. చిన్నకోడలు దాన్ని పక్కకి లాగింది.

"మిగిలినవి ఏం చేశావు?"

"మీరందరూ డాక్టరు కోసం పరిగెడుతున్నారు. దిండు కింద పొట్లం ఉంది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. చూడగానే నా గుండె జారిపోయింది. బాత్రూములో పోసి నీళ్లు వదిలేశాను. వాడు మంచిగా పోవాలి, అంతే అనుకున్నాను. ఇంకేమీ ఆలోచించలేదు." చేతిలోని చొక్కా మడత విప్పింది. "నీ రిపోర్టులో దొరుకుతుందని భయపడ్డాను. ఏమీ లేదని చెప్పావు చూడు, అప్పుడు ఇంకా భయమేసింది. ఇక ఎప్పటికీ ఎవరూ నన్ను అడగరు కదా అని."

"అందుకా బావగారితో మాట్లాడనిది? కోపమనుకున్నాం అందరం."

"నాకా, కోపమా?" పెద్దకోడలు నవ్వినట్టే అంది. "లేపు అని ఆయన అన్నారు. వద్దని నేనన్నాను. ఇన్ని నెలల్లో ఆ మాట ఒక్కసారి కూడా నా మొహాన కొట్టలేదు ఆ మనిషి. మోయించాను, మోయించాను అని తనని తానే తిట్టుకుంటున్నారు. నేను పక్కనే ఉండి వింటున్నాను. కూర వడ్డిస్తున్నాను. ఏ మొహంతో మాట్లాడను?"

చిన్నకోడలు ఆమె చేతిలోని చొక్కా తీసుకుని తీగె మీద వేసింది. ఓదార్చాలనిపించలేదు. ఒక దొంగ ఇంకో దొంగని ఏమని ఓదారుస్తుంది?

"రేపు హెడ్డుగారితో నేను చెప్తాను," అంది. "నా పొరపాటు నేను చెప్తాను. నీ మాట అక్కడ రానివ్వను."

"రానివ్వకపోతే?"

"మందు పేరు వస్తుంది. ఎక్కడ నుంచి వచ్చిందో రాదు. బిళ్ళో, పొడో, ఎవరిచ్చారో, ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు."

"అంటే సగమే."

"సగమే. అయినా నేను నిన్ను అడగను అక్కా."

పెద్దకోడలు ఖాళీ బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "ఆ హాస్టల్ పిల్లకి వాళ్లమ్మ ఉందన్నావు కదూ?" అని మాత్రం అడిగి, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగింది.

*

మధ్యాహ్నం అందరూ కలిసే కూర్చున్నారు. ఆదివారం ఒక్కపూటైనా అందరూ ఒక్కచోట తినాలన్నది అత్తగారి శాసనం. పండు పోయాక కూడా ఆవిడ దాన్ని సడలించలేదు.

"ఉప్పు తగ్గింది," అంది అత్తగారు.

"మీకు బీపీ అత్తయ్యా," అంది చిన్నకోడలు.

"బీపీ నాకా, కూరకా? మీరంతా ఎందుకు చప్పిడి తినాలి?"

"నానమ్మా, తినేదానికి పేర్లు పెట్టకూడదని నువ్వే చెప్పావు," అంది చిట్టి.

"నీకు జ్ఞాపకశక్తి చదువులో ఉంటే బాగుండేది."

చిన్నకోడలు ముద్ద కలుపుతూనే ఉంది. భర్త ఎదురుగా కూర్చుని, చెప్పకు అన్నట్టు కళ్లతోనే ఆపుతున్నాడు. బావగారు ఎప్పటిలాగే తల వంచుకుని, కొద్దిగా పెట్టుకుని, అదే కెలుకుతున్నారు. చిక్కిపోయారు. చొక్కా ఇంకెవరిదో తొడుక్కున్నట్టు వేలాడుతోంది.

పెద్దకోడలు గిన్నె తీసుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

"ఇంకొంచెం వేసుకోండి."

చిట్టి ఆగిపోయింది. తను అందించాల్సిన కబురు తనని దాటి నేరుగా వెళ్లిపోయింది. అత్తగారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. బావగారు మెల్లగా తలెత్తారు. ఆయన కళ్లల్లో సంతోషం లాంటిది లేచింది. అది చూసి చిన్నకోడలు చూపు తిప్పుకుంది.

"పెట్టు," అన్నారాయన. "చాలు, చాలు."

పెద్దకోడలు గిన్నె కింద పెట్టింది. తను కూర్చోలేదు. గొంతు పెంచలేదు. రేపటి కూర ఏమిటో చెబుతున్నట్టే చెప్పింది.

"రేపు నేను చెల్లితో వాళ్ల ఆఫీసుకి వెళ్తున్నాను. పండు పోయింది గుండె జబ్బుతో కాదు. ఆ రోజు వాడు ఒక బిళ్ళ వేసుకున్నాడు. భుజం నొప్పికని. అది మందు కాదు, విషమని ఇప్పుడు తేలింది. వేసుకోమన్నది నేను. మిగిలినవి పారేసింది నేను. ఆ బిళ్ళలు ఎలా ఉంటాయో, ఎక్కడ ఇచ్చారన్నాడో అక్కడ చెప్పి వస్తాను."

"ఏంటే నువ్వనేది?" అత్తగారు లేవబోయి మళ్లీ కూర్చుంది. "ఏమంటోందిరా ఇది? ఒరేయ్, చెప్పండ్రా ఎవరైనా!"

"పండన్నయ్య..." అని చిట్టి తండ్రివైపు చూసింది. ఆయన చెయ్యి చాపి కూతుర్ని పక్కకి లాక్కున్నాడు.

"తప్పు ఒక్క అక్కదే కాదు," చిన్నకోడలు తలదించుకునే అంది. "ఇంకా వెతుకుతామంటే వద్దన్నది నేను. ఆ మాట రేపు నేనూ చెప్పుకుంటాను."

"ఇప్పుడెందుకే?" అత్తగారి గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "పోయినవాడు వస్తాడా? మంచిగా పోయాడు నా తండ్రి. అందరూ అదే అంటున్నారు. అలా ఉండనివ్వకూడదూ?"

"ఇంకో ఇంట్లో ఇంకో తల్లి నీళ్లు ఇస్తూ ఉంటుంది అత్తయ్యా."

బావగారు భార్యనే చూస్తున్నారు. చెయ్యి కంచం మీద ఎండిపోతోంది. ఆయన పెదాలు కదిలాయి. బయటికి వచ్చేది ఏ మాటో, ఇన్ని నెలలు అనకుండా దాచుకున్న ఆ మాటేనేమోనని చిన్నకోడలు ఊపిరి బిగబట్టింది. ఆయన ఏమీ అనలేదు. చూపు కూడా తిప్పుకోలేదు.

పెద్దకోడలు ఆ చూపుకి ఎదురుగానే నిలబడింది.

"పొద్దున్నే బయల్దేరుతాం," అంది.